పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌కీ మన డాట్ ఎస్‌ఓ ఫైల్‌కీ సింబల్ పేర్లు కొట్టుకుంటుంటే ఎలా పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి

సీ లో ఒక పైథాన్ ఎక్స్‌టెన్షన్ రాశారనుకోండి, అంటే పైథాన్ ఇంపోర్ట్ చేసుకునే డాట్ ఎస్‌ఓ ఫైల్ (షేర్డ్ లైబ్రరీ). లోపల ఎక్స్‌ఎమ్‌ఎల్ చదవడానికి ఎక్స్‌పాట్ లైబ్రరీ కొత్త వెర్షన్ స్టాటిక్‌గా, అంటే దాని కోడ్‌ని మీ ఫైల్ లోపలికే కలిపి బిల్డ్ చేశారు, మీరు సొంతంగా కంపైల్ చేసుకున్న పైథాన్‌లో శుభ్రంగా నడుస్తోంది, టెస్టులన్నీ పాస్ అయ్యాయి, అదే ఫైల్ తీసుకెళ్లి ఉబుంటు సర్వర్‌లో సిస్టమ్ పైథాన్‌తో నడిపితే సెగ్‌ఫాల్ట్, తప్పుడు మెమరీ ముట్టుకుని కూలిపోతోంది. ఇలాంటిదాని మీద నేను మూడు రోజులు కూర్చున్నా, మెమరీ ఎక్కడో చెడగొడుతున్నానేమో అని వాల్‌గ్రైండ్ అనే మెమరీ తప్పులు పట్టే టూల్ పెట్టి నా కోడ్ లైను లైనూ వెతికా, ఒక్క తప్పు దొరకలేదు, ఎందుకంటే తప్పు కోడ్‌లో లేదు, ఫంక్షన్ల పేర్లలో ఉంది. మీకు ఆ మూడు రోజులు పోకూడదనే ఇదంతా వరసగా రాస్తున్నా.

కమాండ్లు, ఫ్లాగులు అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాశాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషులో కొట్టుకోండి. ఇదంతా లైనక్స్, జీలిబ్‌సీ (దాని సీ లైబ్రరీ), జీసీసీ (కంపైలర్) గురించి. మ్యాక్, విండోస్ సంగతి చివర్లో రెండు ముక్కలు చెప్తా.

ముందు అసలేం జరుగుతోందో అర్థం చేసుకోండి

ఒకే ఊళ్లో ఇద్దరు సత్యనారాయణలు ఉన్నారు, ఉత్తరం మీద ఇంటిపేరు లేకుండా ఒట్టి సత్యనారాయణ అని రాసుంది, పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు, తన దారిలో ముందు ఏ ఇల్లు తగిలితే అక్కడ ఇచ్చేసి పోతాడు. లైనక్స్ డైనమిక్ లోడర్, అంటే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లైబ్రరీలు తెచ్చి పేర్లు కలిపేది, చేసేది సరిగ్గా ఇదే. సీ లో సింబల్ అంటే ఒట్టి పేరు, ఎన్ని ఆర్గ్యుమెంట్లు, ఏ టైపు, ఏ లైబ్రరీది అన్న వివరం అందులో ఏమీ ఉండదు. ఆ పేరు కోసం లోడర్ ఒక వరసలో వెతుకుతుంది: ముందు మెయిన్ ప్రోగ్రామ్, అంటే పైథాన్3 ఎగ్జిక్యూటబుల్, తర్వాత ఎల్‌డి_ప్రీలోడ్ (ఈ లైబ్రరీలు ముందే లోడ్ చేయమని చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) లో పెట్టినవి ఉంటే అవి, తర్వాత ఆ ఎగ్జిక్యూటబుల్‌కి లింక్ అయిన లైబ్రరీలు. దీన్ని గ్లోబల్ స్కోప్ అంటారు. ఇందులో దొరక్కపోతేనే మీరు ఇంపోర్ట్ చేసిన డాట్ ఎస్‌ఓ, దాని డిపెండెన్సీలు చూస్తుంది. ముందు ఎవరు దొరికితే వాళ్లదే, రెండోవాడు ఉన్నాడని కనీసం వార్నింగ్ కూడా రాదు.

ఇంకో సంగతి, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. మీ లైబ్రరీ లోపల మీరు పెట్టుకున్న ఫంక్షన్‌ని మీ లైబ్రరీలోంచే పిలిచినా సరే, అది బయటకి ఎక్స్‌పోర్ట్ అయిన సింబల్ అయితే ఆ పిలుపు కూడా పైన చెప్పిన దారిలోనే పోతుంది. స్టాటిక్‌గా కలిపేశాం కదా మన కాపీయే వాడుతుంది అనుకుంటాం, అది తప్పు. షేర్డ్ లైబ్రరీ కూడా స్టాటిక్ లింకింగ్ లాగే ప్రవర్తించాలి, ఒక ఫంక్షన్ బదులు ఇంకోటి బయటనుంచి పెట్టే వీలుండాలి అని కావాలనే అలా డిజైన్ చేశారు, ఎల్‌డి_ప్రీలోడ్‌తో మెమరీ ఇచ్చే మాలాక్ ఫంక్షన్‌ని మార్చుకోగలుగుతున్నామంటే దాని వల్లే.

మరి ఇంటర్‌ప్రెటర్‌తోనే ఎందుకు వస్తుంది ఈ గొడవ? ఎక్స్‌టెన్షన్లన్నిటికీ పైఆబ్జెక్ట్ లాంటి పైథాన్ సొంత సీ ఫంక్షన్లు కావాలి కాబట్టి పైథాన్ ఎగ్జిక్యూటబుల్‌ని ఎక్స్‌పోర్ట్-డైనమిక్ అనే ఫ్లాగ్‌తో లింక్ చేస్తారు, అప్పుడు దానిలో స్టాటిక్‌గా కలిసిన ప్రతీదీ వీధిలోకి వచ్చి నిలబడుతుంది. దానికి తోడు డెబియన్, ఉబుంటు వాళ్లు పైఎక్స్‌పాట్ (ఎక్స్‌పాట్ వాడే పైథాన్ మాడ్యూల్), జెడ్‌లిబ్ (కంప్రెషన్‌ది) లాంటి మాడ్యూల్స్‌ని ఎగ్జిక్యూటబుల్‌లోకే కలిపేస్తారు, అందుకే అక్కడ సిస్టమ్ పైథాన్ మీద ఎల్‌డిడి (లింక్ అయిన లైబ్రరీలు చూపించే కమాండ్) కొడితే లిబ్‌ఎక్స్‌పాట్, లిబ్‌జెడ్ రెండూ లిస్టులో కనిపిస్తాయి. అంటే మీ ఎక్స్‌టెన్షన్ ఇంకా లోడ్ అవ్వకముందే సిస్టమ్ ఎక్స్‌పాట్ గ్లోబల్ స్కోప్‌లో కూర్చుని ఉంది. సోర్స్ నుంచి మామూలుగా బిల్డ్ చేసిన పైథాన్‌లో పైఎక్స్‌పాట్ వేరే డాట్ ఎస్‌ఓ, పైగా దాని లోపలి ఎక్స్‌పాట్ ఫంక్షన్ల పేర్లన్నిటికీ ముందు పైఎక్స్‌పాట్_ అని తగిలించి ఉంటుంది, అందుకని గొడవే రాదు. నా మెషీన్‌లో బానే ఉంది, సర్వర్‌లో పోతోంది అనే కథ వెనక ఉన్నది ఇదే.

పూర్తిగా పాత లైబ్రరీకే వెళ్లిపోయినా చాలాసార్లు పని నడిచిపోతుంది. అసలు ప్రమాదం సగం అటు సగం ఇటు వెళ్లినప్పుడు. ఎక్స్‌పాట్ 2.6.0లో, 2024లో, ఎక్స్‌ఎమ్‌ఎల్_సెట్‌రీపార్స్‌డిఫరల్‌ఎనేబుల్డ్ అనే కొత్త ఫంక్షన్ వచ్చింది. మీరు పార్సర్ క్రియేట్ చేస్తే ఆ పేరు సిస్టమ్‌లోని పాత ఎక్స్‌పాట్‌లో దొరుకుతుంది, పాత సైజు, పాత లేఅవుట్‌తో స్ట్రక్చర్ తయారవుతుంది. తర్వాత ఈ కొత్త ఫంక్షన్ పిలిస్తే ఆ పేరు పాతదాంట్లో లేదు కాబట్టి మీ కాపీలోకి వస్తుంది, అది కొత్త లేఅవుట్ అనుకుని స్ట్రక్చర్‌లో ఎక్కడో రాసేస్తుంది. అది రాసింది ఒకచోట, ప్రోగ్రామ్ కూలేది ఇంకోచోట. అందుకే బ్యాక్‌ట్రేస్ (కూలినప్పటి ఫంక్షన్ పిలుపుల వరస) చూసినా వెంటనే తలా తోకా అర్థం కాదు.

మొదటి అడుగు: ఎవరి ఇంట్లో పడిందో చూడండి

జీడీబీ డీబగ్గర్ కింద పైథాన్ నడిపి క్రాష్ అయ్యాక బ్యాక్‌ట్రేస్ కోసం బీటీ కొట్టండి. ప్రతి ఫ్రేమ్ చివర ఏ ఫైల్ నుంచో ఉంటుంది, మీరు స్టాటిక్‌గా కలిపానని నమ్ముతున్న ఫంక్షన్ పక్కన స్లాష్ లిబ్ కింద ఉన్న సిస్టమ్ లిబ్‌ఎక్స్‌పాట్ పేరు కనిపించిందంటే సగం పని అయిపోయినట్టే. ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ అని కొడితే ప్రాసెస్‌లో లోడ్ అయిన ఫైల్స్ అన్నీ వస్తాయి. సర్వర్‌లో జీడీబీ లేకపోతే స్లాష్ ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్‌లో మ్యాప్స్ ఫైల్ చూడండి, ఒకే లైబ్రరీ రెండు వేరే పాత్‌ల నుంచి లోడ్ అయి ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

రెండో అడుగు: పేర్ల లిస్టులు తీసి పోల్చండి

సింబల్ పేర్లు చూపించే ఎన్‌ఎమ్ కమాండ్‌కి పెద్ద డి, తర్వాత --డిఫైన్డ్-ఓన్లీ ఇచ్చి మీ డాట్ ఎస్‌ఓ మీద నడపండి. పెద్ద టీ ఉన్నవి ఫంక్షన్లు, డి, బి ఉన్నవి వేరియబుల్స్, డబ్ల్యూ ఉన్నవి వీక్ సింబల్స్. ఒక పైథాన్ ఎక్స్‌టెన్షన్ బయటకి చూపించాల్సింది నిజానికి ఒక్కటే పేరు, పైఇనిట్_ తర్వాత మీ మాడ్యూల్ పేరు. అక్కడ రెండొందల పేర్లు కనిపిస్తే ఆ రెండొందలూ దెబ్బ తగలడానికి సిద్ధంగా ఉన్నవే.

తర్వాత అదే కమాండ్ పైథాన్ ఎగ్జిక్యూటబుల్ మీదా, ఎల్‌డిడి చూపించిన ప్రతి లైబ్రరీ మీదా నడపండి. పేరున్న కాలమ్ మాత్రం తీసుకుని, ఎట్ గుర్తు తర్వాత వెర్షన్ ఉంటే కత్తిరించి, సార్ట్ చేసి, కామ్ -12తో రెండు లిస్టుల్లోనూ ఉన్నవి తీయండి. _ఇనిట్, _ఫిని, _ఎడేటా, _ఎండ్, __బీఎస్‌ఎస్_స్టార్ట్ లాంటివి వస్తే పట్టించుకోకండి, అవి లింకర్ పెట్టేవి, ఎవరికైనా ఉంటాయి. మిగిలినవే మీ అనుమానితులు.

లిస్టులో వేరియబుల్స్ ఉన్నాయేమో మాత్రం రెండుసార్లు చూడండి. వెర్బోస్ అనో కౌంట్ అనో మామూలు పేరు పెట్టిన గ్లోబల్ వేరియబుల్ రెండుచోట్లా ఉంటే క్రాష్ కూడా అవ్వదు, రెండు లైబ్రరీలూ ఒకే మెమరీ పంచుకుని ఒకరి విలువ ఒకరు మార్చుకుంటూ పోతాయి, లెక్కలు నెమ్మదిగా తప్పుతాయి. క్రాష్ అయితే కనీసం మనకి తెలుస్తుంది, ఇది నెలల తరబడి తెలియదు.

మూడో అడుగు: అనుమానం కాదు, రుజువు తీసుకోండి

పేరు రెండుచోట్లా ఉన్నంత మాత్రాన అటే వెళ్తోందని కాదు. ఎల్‌డి_డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి బైండింగ్స్ అని విలువ ఇచ్చి పైథాన్‌తో మీ మాడ్యూల్ ఒక్కటి ఇంపోర్ట్ చేయించండి. ప్రతి సింబల్‌కీ ఏ ఫైల్ నుంచి ఏ ఫైల్‌కి కట్టారో లోడర్ స్వయంగా చెప్తుంది. వేల లైన్లు వస్తాయి, కాబట్టి ఎల్‌డి_డీబగ్_అవుట్‌పుట్‌కి ఒక ఫైల్ పేరు ఇవ్వండి, దాని వెనక ప్రాసెస్ నంబర్ తగిలించి రాస్తుంది, అందులో మీ మాడ్యూల్ పేరు గ్రెప్ చేయండి. పైథాన్ మామూలుగా ఆర్‌టిఎల్‌డి_నౌ (పేర్లన్నీ ఇప్పుడే కట్టేయమనే ఫ్లాగ్) తోనే ఓపెన్ చేస్తుంది కాబట్టి ఇంపోర్ట్ అవ్వగానే అన్ని బైండింగ్స్ కనిపిస్తాయి, ఫంక్షన్ పిలిచేదాకా ఆగక్కర్లేదు.

ఇంకో చిన్న పని చేసి పెట్టుకుంటే ముందు ముందు చాలా పనికొస్తుంది. ఎక్స్‌పాట్‌లో ఎక్స్‌ఎమ్‌ఎల్_ఎక్స్‌పాట్‌వెర్షన్ అనే ఫంక్షన్ ఉంది, నడుస్తున్న లైబ్రరీ వెర్షన్ చెప్తుంది. హెడర్‌లో కంపైల్ అప్పటి వెర్షన్ మాక్రోలు ఉంటాయి. మాడ్యూల్ ఇనిట్‌లో రెండూ పోల్చి తేడా ఉంటే ఇంపోర్ట్‌ఎర్రర్ లేపండి. సెగ్‌ఫాల్ట్ బదులు అర్థమయ్యే మాట కనిపిస్తుంది, మీ లైబ్రరీ వాడేవాళ్లు మీకు దండం పెట్టుకుంటారు. వెర్షన్ ఫంక్షన్ లేని లైబ్రరీ అయితే డీఎల్‌యాడర్‌కి ఫంక్షన్ అడ్రస్ ఇస్తే అది ఏ ఫైల్‌లో ఉందో చెప్తుంది.

నాలుగో అడుగు: సోర్స్ మీ చేతిలో ఉంటే సరిచేయడం

ముందుగా, ఒకే ఫైల్‌లో వాడే ప్రతి ఫంక్షన్‌కీ స్టాటిక్ పెట్టండి. ఇది ఖర్చు లేని మందు, అయినా ఎంతమంది మర్చిపోతారో చెప్పలేను.

రెండోది, కంపైల్ ఫ్లాగుల్లో -ఎఫ్‌విజిబిలిటీ=హిడెన్ పెట్టండి, 2005లో వచ్చిన జీసీసీ 4.0 నుంచీ ఉంది ఇది. దీనితో అన్ని పేర్లూ డిఫాల్ట్‌గా ఇంట్లోనే ఉంటాయి, పైఇనిట్_ ఒక్కటే బయటకి రావాలి. పాత పైథాన్ హెడర్లతో బిల్డ్ చేస్తుంటే పైమాడ్‌ఇనిట్_ఫంక్ మాక్రో ఆ పని చేయకపోవచ్చు, అప్పుడు విజిబిలిటీ డిఫాల్ట్ అట్రిబ్యూట్ మీరే పెట్టాలి, లేకపోతే ఇనిట్ ఫంక్షన్ దొరకలేదని ఇంపోర్ట్ ఫెయిల్ అవుతుంది.

ఈ ఫ్లాగ్ మీరు కంపైల్ చేసిన కోడ్‌కే పనిచేస్తుంది. ఎవరో ముందే బిల్డ్ చేసిన డాట్ ఏ ఫైల్ (స్టాటిక్ లైబ్రరీ ఆర్కైవ్) కలుపుతుంటే దాని సింబల్స్ మళ్లీ బయటకి వచ్చేస్తాయి, దానికి లింకర్‌కి --ఎక్స్‌క్లూడ్-లిబ్స్, ఆల్ ఇవ్వండి. డాట్ ఏ ఆర్కైవ్‌ల నుంచి వచ్చినవన్నీ హిడెన్ అయిపోతాయి. నా ఎక్స్‌పాట్ గొడవ ఈ ఒక్క ఫ్లాగ్‌తో తీరింది, మూడు రోజుల వెతుకులాటకి ఒక్క లైను మార్పు. అది డాట్ ఓ ఫైల్స్‌కి పనిచేయదు, ఆర్కైవ్‌లకే, గుర్తుంచుకోండి.

నాకు అన్నిటికంటే నమ్మకమైనది వెర్షన్ స్క్రిప్ట్. ఒక చిన్న ఫైల్‌లో గ్లోబల్ కింద పైఇనిట్_ మీ మాడ్యూల్ పేరు, లోకల్ కింద ఒట్టి స్టార్ గుర్తు రాసి --వెర్షన్-స్క్రిప్ట్‌తో లింకర్‌కి ఇవ్వండి. కోడ్ ఎక్కడి నుంచి వచ్చినా సరే గేటు దగ్గర ఆపేస్తుంది, రేపు ఇంకెవరో కొత్త లైబ్రరీ కలిపినా కొత్త పేరు బయటకి పోదు.

-బీసింబాలిక్ అనే ఫ్లాగ్ గురించి కూడా వింటారు, అది లైబ్రరీ లోపలి పిలుపుల్ని లోపలే కట్టేస్తుంది కానీ పేర్లు మాత్రం బయటకి కనిపిస్తూనే ఉంటాయి, మీ వల్ల వేరేవాళ్లకి తగిలే దెబ్బ తగ్గదు. పైగా సీ ప్లస్ ప్లస్‌లో టైప్ ఇన్ఫో, ఫంక్షన్ పాయింటర్ పోలికలు తేడా కొట్టొచ్చు. తప్పనిసరైతే -బీసింబాలిక్-ఫంక్షన్స్ వాడండి, వేరియబుల్స్ జోలికి పోదు.

పేర్లు బయటకి రావాల్సిందే అనే పరిస్థితి ఉంటే, అంటే మీరు రాసేదే ఒక లైబ్రరీ అయితే, ఇంటిపేరు పెట్టడం ఒక్కటే దారి. పెద్ద ప్రాజెక్టులన్నీ చివరికి ఇక్కడికే వచ్చాయి. పర్ల్ వాళ్లు 5.005లో గ్లోబల్ వేరియబుల్స్‌కి పీఎల్_ తగిలించారు, రూబీ హాష్ టేబుల్ కోడ్‌లో ఎస్‌టి_ తో మొదలయ్యే పేర్లకి హెడర్‌లోనే మాక్రోలతో ఆర్‌బి_ఎస్‌టి_ పెట్టారు, జెడ్‌లిబ్‌లో జెడ్_ప్రిఫిక్స్ అని ఆప్షనే ఉంది. జూలియా వాళ్లది ఇంకా ముచ్చటైన కేసు: వాళ్ల ఓపెన్‌బ్లాస్ (మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీ) లో ఇంటీజర్ 8 బైట్లు, చాలా సీ, ఫోర్ట్రాన్ లైబ్రరీలు అనుకునేది 4 బైట్లు, ఫంక్షన్ పేరు మాత్రం ఒకటే, ఒకరి పిలుపు ఇంకొకరికి వెళ్తే పక్క మెమరీలో ఉన్న చెత్త కూడా కలిపి సైజు అనుకుంటుంది. అందుకని పేర్ల చివర 64_ తగిలించి విడదీశారు. మీకు సోర్స్‌లో మార్చే ఓపిక లేకపోతే ఆబ్జ్‌కాపీకి --రీడిఫైన్-సిమ్స్‌తో పాత పేరు కొత్త పేరు జతల ఫైల్ ఇచ్చి డాట్ ఏ లోనే మార్చుకోవచ్చు.

ఐదో అడుగు: సోర్స్ లేకపోతే

ఎవరో ఇచ్చిన డాట్ ఎస్‌ఓ మాత్రమే చేతిలో ఉంటే దారులు తక్కువ, ఏదీ పూర్తి మందు కాదు.

లైబ్రరీ సోనేమ్ (ఫైల్ లోపల రాసుండే లైబ్రరీ పేరు) ఒకటే అయితే, ఉదాహరణకి రెండూ లిబ్‌ఎక్స్‌పాట్ డాట్ ఎస్‌ఓ డాట్ 1 అయితే, మీరు పక్కన పెట్టిన కాపీని లోడర్ అసలు తెరవదు, ముందే లోడ్ అయినదాన్నే ఇచ్చేస్తుంది. ప్యాచ్‌ఎల్ఫ్ అనే టూల్‌తో --సెట్-సోనేమ్, --రీప్లేస్-నీడెడ్ వాడి పేరు మార్చాలి. వీల్స్ (ముందే బిల్డ్ చేసిన పైథాన్ ప్యాకేజీలు) కోసం వాడే ఆడిట్‌వీల్ రిపేర్ చేసేదీ ఇదే, ఫైల్ పేరులో హాష్ కలుపుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది: ఫైల్ పేరు మారితే ఫైల్ లోడ్ అవుతుంది కానీ లోపలి సింబల్ పేర్లు మారలేదు కదా, గ్లోబల్ స్కోప్‌లో అదే పేరు ఉంటే మళ్లీ అటే పోతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1, 3 లాగా సింబల్స్‌కి వెర్షన్ గుర్తులు ఉంటే మాత్రం లోడర్ తేడా పోల్చుకోగలదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి వాడే సైకోపీజీ2 వీల్స్ సంగతి కూడా వినే ఉంటారు, అవి తమతో సొంత లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ తెచ్చుకుంటాయి, పైథాన్ ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ వాడే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ వేరే, థ్రెడ్లు ఎక్కువైనప్పుడు సెగ్‌ఫాల్ట్ రావచ్చని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. చివరికి 2.8 నుంచి వీల్‌ని సైకోపీజీ2-బైనరీ అనే వేరే పేరుతో విడదీశారు. ప్రొడక్షన్‌లో సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోండి, సిస్టమ్ లైబ్రరీ ఒక్కటే ఉంటుంది, గొడవ ఉండదు.

లైబ్రరీ ఓపెన్ చేసేటప్పుడు ఇచ్చే ఆర్‌టిఎల్‌డి_డీప్‌బైండ్ ఫ్లాగ్ ఇంకో దారి. సిస్ మాడ్యూల్‌లో గెట్‌డీఎల్‌ఓపెన్‌ఫ్లాగ్స్‌తో పాత విలువ తీసి దాచుకోండి, దానికి ఓఎస్ మాడ్యూల్‌లోని డీప్‌బైండ్ కలిపి సెట్‌డీఎల్‌ఓపెన్‌ఫ్లాగ్స్‌తో పెట్టి, ఆ ఒక్క మాడ్యూల్ ఇంపోర్ట్ చేసి, వెంటనే పాత విలువ తిరిగి పెట్టేయండి. అప్పుడు ఆ లైబ్రరీ ముందు తన ఇంట్లో వెతుక్కుని తర్వాత వీధిలోకి వస్తుంది. కానీ ఎల్‌డి_ప్రీలోడ్‌తో జెమాలాక్ (మామూలు మాలాక్ బదులు వాడేది) పెట్టి ఉంటే ఈ లైబ్రరీ మాత్రం జీలిబ్‌సీ మాలాక్ పట్టుకుంటుంది, ఒకరు ఇచ్చిన మెమరీ ఇంకొకరు ఫ్రీ చేసి కూలుతుంది. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ దీన్ని ఒప్పుకోదు. ఆల్పైన్ లైనక్స్‌లో జీలిబ్‌సీ బదులు ఉండే మజిల్‌లో ఈ ఫ్లాగే లేదు.

అలాగే ఎవరైనా ఆర్‌టిఎల్‌డి_గ్లోబల్‌తో ఏదైనా ఓపెన్ చేస్తున్నారేమో కోడ్ అంతా వెతకండి, సీటైప్స్‌లో మోడ్ కింద ఇస్తారు, సిస్ ఫ్లాగుల్లో పెడతారు. పైథాన్ డిఫాల్ట్ లోకల్, అందుకే మామూలుగా రెండు ఎక్స్‌టెన్షన్లలో ఒకే పేరున్నా ఒకదానికొకటి తగలవు. ఎవరో ఒక్కరు గ్లోబల్ పెట్టారంటే ఆ లైబ్రరీ, దాని డిపెండెన్సీలు అన్నీ వీధిలోకి వచ్చినట్టే, ఆ తర్వాత ఇంపోర్ట్ చేసినవాళ్లందరికీ ప్రమాదం. ఇంపోర్ట్ ఆర్డర్ మారిస్తే పనిచేస్తోంది అని ఎవరన్నా అంటే ఎక్కువసార్లు విషయం ఇదే. ఆర్డర్ మార్చి ఊరుకోకండి, రేపు ఇంపోర్ట్‌లు సార్ట్ చేసే టూల్ ఒకటి నడిపితే మళ్లీ మొదటికొస్తుంది.

ఏదీ కుదరకపోతే ఆ లైబ్రరీని వేరే ప్రాసెస్‌లో నడిపి పైప్ మీదో సాకెట్ మీదో మాట్లాడించండి. స్పీడ్ కొంచెం పోతుంది, నిద్ర మాత్రం పడుతుంది. డీఎల్‌ఎమ్‌ఓపెన్‌తో వేరే నేమ్‌స్పేస్ తెరవొచ్చు కానీ జీలిబ్‌సీలో 16 దాకానే పరిమితి, ఆ నేమ్‌స్పేస్‌లో మీ ఇంటర్‌ప్రెటర్ సింబల్స్ కనిపించవు కాబట్టి పైథాన్ ఎక్స్‌టెన్షన్‌కి అది పనికిరాదు.

ఇంటర్‌ప్రెటర్‌నే రెండుసార్లు కలిపేస్తే

ఇది కొంచెం వేరే రకం, కానీ చాలా మంది చేస్తారు. మాడ్యూల్ బిల్డ్ చేసేటప్పుడు అన్‌డిఫైన్డ్ సింబల్ ఎర్రర్ వచ్చిందని ఇంటర్‌ప్రెటర్ లైబ్రరీనే స్టాటిక్‌గా మాడ్యూల్‌లోకి కలిపేస్తారు. లువా అనే ఇంకో భాష ఇంటర్‌ప్రెటర్ 5.1లో ఇలా చేస్తే ఖాళీ టేబుల్ కోసం వాడే ఒక స్టాటిక్ నోడ్ అడ్రస్ రెండు కాపీల్లో రెండు రకాలు అవుతుంది, అది తనది కాదనుకుని ఫ్రీ చేయబోయి కూలుతుంది. 5.2, 5.3లలో లువాఎల్_చెక్‌వెర్షన్ పెట్టి మల్టిపుల్ లువా వీఎమ్స్ డిటెక్టెడ్ అని చెప్పేలా చేశారు. మందు ఒకటే, మాడ్యూల్‌లో ఆ సింబల్స్ అన్‌డిఫైన్డ్‌గానే వదిలేయండి, లోడ్ అయ్యేటప్పుడు ఎగ్జిక్యూటబుల్ నుంచి దొరుకుతాయి. పైథాన్ కూడా 2019లో వచ్చిన 3.8 నుంచి యూనిక్స్‌లో ఎక్స్‌టెన్షన్లని లిబ్‌పైథాన్‌కి లింక్ చేయడం మానేసింది, ఆండ్రాయిడ్, సిగ్‌విన్ తప్ప.

దీనికి తిరగేసిన సమస్య, మీ సీ ప్రోగ్రామ్ ఒక ప్లగిన్ ద్వారా లిబ్‌పైథాన్‌ని లోకల్‌గా ఓపెన్ చేస్తే ఎక్స్‌టెన్షన్లకి పైథాన్ సింబల్స్ దొరక్క ఇంపోర్ట్ ఫెయిల్ అవుతుంది. అక్కడ మాత్రం లిబ్‌పైథాన్‌ని గ్లోబల్‌గానే తెరవాలి.

మ్యాక్‌లో 10.1 నుంచి టూ లెవెల్ నేమ్‌స్పేస్ డిఫాల్ట్, సింబల్‌తో పాటు ఏ లైబ్రరీదో కూడా రాసి ఉంటుంది, విండోస్‌లో డీఎల్‌ఎల్ పేరుతో సహా ఇంపోర్ట్ అవుతుంది. అందుకని ఈ రకం గొడవ అక్కడ చాలా తక్కువ, ఒకే పేరున్న రెండు డీఎల్‌ఎల్‌ల తలనొప్పి విండోస్‌లో ఉంది కానీ అది ఫైల్ పేర్ల గొడవ.

చివరి అడుగు: మళ్లీ రాకుండా

బిల్డ్ అయ్యాక సీఐలో (ప్రతి మార్పుకీ బిల్డ్, టెస్టులు తనంతట తనే నడిపే సిస్టమ్) ఒక చెక్ పెట్టండి. ఎన్‌ఎమ్ అవుట్‌పుట్‌లో పైఇనిట్_ తప్ప ఇంకే డిఫైన్డ్ పేరు కనిపించినా బిల్డ్ ఫెయిల్ అవ్వాలి, లింకర్ పెట్టే ఆ నాలుగైదు పేర్లు మాత్రం మినహాయించండి. అలాగే టెస్టులు రెండు పైథాన్‌ల మీద నడపండి, ఒకటి సోర్స్ నుంచి బిల్డ్ చేసినది, ఒకటి డెబియన్ లేదా ఉబుంటు ప్యాకేజీ పైథాన్. మా దగ్గర ఆ రెండోది పెట్టిన వారంలోనే ఇంకో మాడ్యూల్ జెడ్‌లిబ్ పేర్లు బయటకి వదులుతోందని దొరికింది, అది అప్పటికి ఒక్కసారి కూడా క్రాష్ అవ్వలేదు.